మహానగర రహదారుల విస్తరణ – ట్రాఫిక్ రద్దీ

మహానగరాల్లో రోడ్లు కిక్కిరిసినప్పుడు పాలకులకైనా ప్రజలకైనా ముందు తట్టే ఉపాయం ఉన్న రోడ్డును వెడల్పు చేయడం, అది కుదరకపోతే పక్కన ఇంకో రోడ్డు వేయడం. ఈ ఉపాయం పనిచేస్తుందా అన్నదాని మీద రవాణా నిపుణులు, ఆర్థికవేత్తలు అరవై ఏళ్లకు పైగా తర్కించుకుంటున్నారు. ఇప్పటిదాకా తేలింది స్థూలంగా ఇది: జనాభా, ఉద్యోగాలు పెరుగుతూ, ఊరు నలుదిక్కులా పాకుతూ, రోడ్డు వాడకానికి రుసుము లేని చోట కొత్త లేన్లు రద్దీ వేళ వేగాన్ని కొన్నేళ్లపాటే పెంచుతాయి. ఆ తర్వాత రోడ్డు మళ్లీ నిండుతుంది. అలా నిండిన రోడ్డు మునుపటి కంటే ఎక్కువ మందిని మోస్తుందన్నదీ నిజమే. రద్దీ తగ్గిందా అన్నది ఒక ప్రశ్న, పెట్టిన ఖర్చుకు ఫలం దక్కిందా అన్నది మరో ప్రశ్న. ఈ విషయంపై నడిచే వాదనల్లో సగం గొడవ ఈ రెంటినీ కలిపేయడం వల్ల వస్తున్నదే.

ఈ ప్రశ్నకు అతి పెద్ద ప్రయోగశాల అమెరికా. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో సంతకం చేసిన హైవే చట్టం 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు నాంది పలికింది. ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వమే భరించింది. ఆ డబ్బు కోసం పెట్రోలు పన్నుతో నిండే ప్రత్యేక నిధిని ఏర్పాటు చేశారు. ఊరికీ ఊరికీ మధ్య దూరం తగ్గించాల్సిన ఈ రోడ్లను నగరాల నడిబొడ్డులోంచి కూడా తీసుకెళ్లారు. పది డాలర్లు పెడితే తొంభై కలిసొచ్చే పథకం కావడంతో చాలా నగరాలు సంబరంగా ఒప్పుకున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం 1959లోనే అడ్డం తిరిగి, తన పరిధిలో తలపెట్టిన ఫ్రీవేల్లో చాలావాటిని రద్దు చేయించుకుంది.

కేటీ ఫ్రీవే

రోడ్ల విస్తరణ గురించి ఎక్కడ చర్చ జరిగినా టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరం పేరు రాక మానదు. నగర కేంద్రం నుంచి పడమటికి, కేటీ పట్టణం వైపు సాగే ఇంటర్‌స్టేట్ 10 భాగాన్ని అక్కడ కేటీ ఫ్రీవే అంటారు. 1960లలో దీన్ని రోజుకు సుమారు 80,000 వాహనాల లెక్కన కట్టారు. ఈ శతాబ్దం మొదలయ్యేనాటికి రోజుకు 2 లక్షలకు పైగా తిరుగుతున్నాయి. దేశంలో అతి అధ్వాన్నమైన ట్రాఫిక్ ఇరుకుల జాబితాను అమెరికన్ హైవే యూజర్స్ అలయన్స్ 2004లో ప్రకటించినప్పుడు, ఈ రోడ్డు ఊరి చుట్టూ తిరిగే 610 లూప్‌ను కలిసే కూడలికి రెండో స్థానం దక్కింది.

వెడల్పు చేయడానికి కావలసిన స్థలం పక్కనే దొరికింది. ఫ్రీవేను ఆనుకుని మిస్సోరి–కాన్సస్–టెక్సస్ రైలు కంపెనీ పట్టాలుండేవి. ఆ జాగాను రాష్ట్ర రవాణా శాఖ 1992లోనే కొనేసింది. తర్వాత పట్టాలు లేచిపోయాయి, వాటి చోటు కార్లకు దక్కింది. శివార్లకు లోకల్ రైలు నడపడానికి చేతికందిన దారిని ఇలా తారు కింద పూడ్చేశారని రైలు పక్షం వారు ఇప్పటికీ అంటారు. హ్యూస్టన్ అప్పటికే బారుగా విస్తరించి, ఇళ్లకూ ఆఫీసులకూ మధ్య సవాలక్ష దారులు పుట్టిన ఊరు కాబట్టి ఒక రైలు మార్గం ఎంత మందిని మోసేదో చెప్పడం కష్టమని రెండో పక్షం జవాబు.

2003లో మొదలైన పని 2008లో ముగిసింది. సుమారు 280 కోట్ల డాలర్లు ఖర్చయింది. ప్రధాన లేన్లు, మధ్యలో టోల్ లేన్లు, రెండు పక్కలా సర్వీసు రోడ్లు కలుపుకొంటే కొన్నిచోట్ల మొత్తం 26 లేన్లు. ప్రపంచంలోని అతి వెడల్పాటి రహదారుల్లో ఒకటిగా దీనికి పేరొచ్చింది. మొదటి రెండు మూడేళ్లు ఫలితం బాగానే కనిపించింది. తర్వాత సిటీ అబ్జర్వేటరీ అనే పరిశీలన సంస్థ హ్యూస్టన్ ట్రాఫిక్ నియంత్రణ కేంద్రం నమోదు చేసిన లెక్కలనే తీసి చూసింది. 2011 నుంచి 2014 మధ్య ఈ రోడ్డు మీద ప్రయాణ సమయం ఉదయం రద్దీ వేళ 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగినట్టు తేలింది. అప్పటి నుంచి కేటీ ఫ్రీవే ఫోటో పడకుండా రోడ్ల విస్తరణకు వ్యతిరేకంగా రాసిన వ్యాసం అరుదు.

ఈ అంకెలను ఉన్నదున్నట్టు మింగేయడం కూడా సరికాదు. 2011 ఆర్థిక మాంద్యం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న ఏడాది. ఆ తర్వాతి మూడేళ్లు చమురు ధర ఎక్కువగా ఉండి హ్యూస్టన్ కంపెనీలు జోరుగా మనుషులను చేర్చుకున్న కాలం. ఆ కంపెనీల్లో చాలావాటి కార్యాలయాలు కేటీ ఫ్రీవే పక్కనే, ఎనర్జీ కారిడార్ అని పిలిచే ప్రాంతంలో ఉన్నాయి. అంటే రద్దీలో కొంత భాగం చమురు పుణ్యం. అయితే ఆ ఆఫీసులూ, వాటి కోసం లేచిన కాలనీలూ అక్కడే రావడానికి ఆ వెడల్పాటి రోడ్డు కూడా ఒక కారణం. ఎంత భాగం ఏది అని విడదీయడం దగ్గరే ఈ శాస్త్రం చిక్కంతా ఉంది.

కేటీ, సింకో రాంచ్ పరిసరాల్లో స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. డల్లాస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనోల్లోనూ, అట్లాంటా ఉత్తరాన ఆల్ఫరెట్టా, కమ్మింగ్‌లలోనూ ఇదే వరస. కొత్త ఇల్లు, మంచి బడి, అందుబాటు ధర అనే మూడూ కలిసి దొరికేది శివార్లలోనే. ఆఫీసు ఎంత దూరమని ఎవరినైనా అడిగితే మైళ్లలో చెప్పరు, నిమిషాల్లో చెబుతారు. శివారు ఇళ్ల బేరమంతా ఆ నిమిషాల మీదే నడుస్తుంది. లేన్లు పెరిగినప్పుడు మారేదీ ఆ నిమిషాలే.

రద్దీ ఎలా పుడుతుంది

ఒక ఫ్రీవే లేన్ గంటకు సుమారు 2,000 నుంచి 2,200 వాహనాలను సాఫీగా సాగనిస్తుంది. ఆ హద్దు దగ్గర పడేకొద్దీ కార్ల మధ్య ఎడం తగ్గి, ముందు ఒకరు బ్రేకు వేస్తే ఆ కుదుపు అలలా వెనక్కి పాకుతుంది. హద్దు దాటితే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. వేగం పడిపోతుంది, గంటకు దాటే వాహనాల సంఖ్య కూడా తగ్గుతుంది. అంటే సరిగ్గా అవసరమైన వేళకే రోడ్డు తన శక్తిలో కొంత పోగొట్టుకుంటుంది.

ఆలస్యం వాహనాల సంఖ్యతో సమానంగా పెరగదు. అమెరికా ప్రభుత్వ రోడ్ల విభాగం 1964లో రూపొందించిన సూత్రాన్ని రవాణా ప్రణాళికల్లో ఇప్పటికీ వాడతారు. దాని ప్రకారం రోడ్డు సామర్థ్యానికి సరిపడా వాహనాలు వస్తే ప్రయాణ సమయం 15 శాతమే పెరుగుతుంది. అంతకు రెట్టింపు వస్తే సమయం మూడు రెట్లు దాటుతుంది. ఈ లెక్క ఇంజనీర్లకు విస్తరణ మీద ఆశ కలిగిస్తుంది. నూటికి పది వాహనాలు తప్పిస్తే చాలు, రోడ్డు ఊపిరి పీల్చుకుంటుంది. బడి సెలవుల్లో నగరాల్లో కనిపించే మార్పు ఇదే. అయితే రోడ్డు సాఫీగా మారితే ఆ పది వాహనాలూ మళ్లీ రాకుండా ఉంటాయా అన్నది ఆ సూత్రంలో ఉండదు.

ఇంకో సంగతి: రద్దీ సాధారణంగా ఒక ఇరుకు దగ్గర పుట్టి వెనక్కి పేరుకుంటుంది. ఆ ఇరుకును విప్పితే తర్వాతి ఇరుకు బయటపడుతుంది. ఒక జంక్షన్లో ఫ్లైఓవర్ కడితే ముందరి జంక్షన్లో బండ్లు ఆగడం మన నగరాల్లో రోజూ చూసేదే. జర్మన్ గణితజ్ఞుడు డీట్రిష్ బ్రేస్ 1968లో ఇంతకంటే విడ్డూరమైనది నిరూపించాడు. ఎవరికి వారు తమకు తొందరగా చేర్చే దారి ఎంచుకునే వ్యవస్థలో కొత్త రోడ్డు ఒకటి కలిపితే కొన్ని సందర్భాల్లో అందరి ప్రయాణ సమయమూ పెరగవచ్చు. ఇది గణితపరంగా ఆసక్తికరమే గానీ నగరాల్లో విస్తరణ విఫలం కావడానికి ప్రధాన కారణం ఇది కాదు.

ఖాళీ చోటును ఎవరు నింపుతారు

అమెరికన్ ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లో రాసిన వ్యాసంలో నగర ఎక్స్‌ప్రెస్‌వేల రద్దీకి ఒక నియమం ప్రతిపాదించాడు. రద్దీ వేళ ట్రాఫిక్ రోడ్డు సామర్థ్యం నిండేవరకు పెరుగుతుందన్నది దాని సారం. దానికి ఆయన చెప్పిన కారణం సులువైనది. కొత్త లేన్లు తెరిచిన రోజునే మూడు రకాల మనుషులు అటు మళ్లుతారు. జామ్‌కు జడిసి తెల్లవారకముందే బయలుదేరేవారు ఇక మామూలు వేళకే లేస్తారు. సందుల్లోంచి అడ్డదారిలో వెళ్లేవారు పెద్ద రోడ్డెక్కుతారు. బస్సులోనో రైల్లోనో వెళ్లేవారిలో కొందరు కారు తీస్తారు. ఈ ముగ్గురి వల్ల రద్దీ వేళ వేగం తిరిగి దాదాపు పాత స్థితికి చేరుతుంది. ఇందులో నగరానికి కొత్తగా వచ్చిన బండి ఒక్కటీ లేకపోవచ్చు. పైగా ఆ ముగ్గురికీ మేలే జరిగింది: ఒకరికి నిద్ర, ఒకరికి మంచి దారి, ఒకరికి సౌకర్యం. రద్దీ తగ్గలేదు కాబట్టి రోడ్డు దండగ అనేవారు లెక్కలోకి తీసుకోని మేలు ఇది.

దీనికంటే నెమ్మదిగా, లోతుగా పనిచేసే మార్పు ఇంకొకటుంది. మనుషులు రోజూ ప్రయాణానికి కేటాయించే సమయం, సగటున గంటకు అటూ ఇటూగా, దేశాలు మారినా పెద్దగా మారదని యాకోవ్ జహావి వంటి పరిశోధకులు 1970లలో గమనించారు. వేగం పెరిగితే ఆ మిగిలిన నిమిషాలతో జనం ఇంకా దూరాన ఇల్లు కొంటారు. దుకాణాలు, గోదాములు, బడులు వాళ్ల వెంట వెళ్తాయి. ఈ కొత్త ప్రయాణాలన్నిటినీ కలిపి ప్రేరిత గిరాకీ అని, వాడుకలో ఇండ్యూస్డ్ డిమాండ్ అని అంటారు.

దీన్ని కొలవడంలో అసలు ఇబ్బంది కోడి ముందా, గుడ్డు ముందా అన్నదే. పెరుగుతున్న చోటే ప్రభుత్వాలు రోడ్లు వేస్తాయి. అలాంటప్పుడు పెరిగిన ట్రాఫిక్ రోడ్డు వల్ల వచ్చిందా, ఎలాగూ రావలసిందేనా? జిల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రచురించిన అధ్యయనం ఈ చిక్కును తెలివిగా దాటింది. 1947 నాటి అంతర్రాష్ట్ర రహదారుల పథకం, 1898 నాటి రైలు మార్గాలు, 1835–1850 మధ్య అన్వేషకులు నడిచిన దారులు – వీటిని బట్టి ఏ నగరానికి ఎన్ని హైవేలు వచ్చి ఉండేవో అంచనా వేశారు. అన్వేషకులు దారి వేసేటప్పుడు 2003 నాటి కార్ల సంగతి ఆలోచించి ఉండరు కదా. 1983, 1993, 2003 సంవత్సరాల లెక్కలతో చూస్తే నగర ప్రాంతంలో అంతర్రాష్ట్ర రహదారుల లేన్ పొడవు ఒక శాతం పెరిగితే వాటి మీద తిరిగే వాహన దూరం కూడా దాదాపు ఒక శాతం పెరుగుతోందని తేలింది. ఉన్న జనం ఎక్కువ తిరగడం, లారీల రాకపోకలు పెరగడం, కొత్త జనం వచ్చి చేరడం ఇందులో ముఖ్యమైనవి. ఇతర రోడ్ల నుంచి మళ్లిన ట్రాఫిక్ వాటా స్వల్పం.

ఆ వ్యాసంలోనే ఉన్న రెండో నిర్ధారణను మెట్రో అభిమానులు అంత ఇష్టంగా ఉదహరించరు. ప్రజా రవాణా పెంచినా మొత్తం వాహన దూరం తగ్గిన ఆధారం దొరకలేదు. కారణం అదే: రైలెక్కినవారు ఖాళీ చేసిన చోటును ఇంకొకరు నింపుతారు. మెట్రో కట్టడానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. రద్దీ తగ్గిస్తామని వాగ్దానం చేసి కడితే మాత్రం హైవే ఇంజనీరు చేసిన తప్పే మెట్రో ఇంజనీరూ చేసినట్టు.

నమ్మకం సడలిన తీరు

కొత్త రోడ్లు ఊహించనంత త్వరగా నిండిపోవడం న్యూయార్క్‌లో 1930లలోనే గమనించారు. ఆ నగర రోడ్లు, వంతెనల నిర్మాణంలో చక్రం తిప్పిన అధికారి రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో 1936లో ట్రైబరో వంతెన, దాని మీద భారం తగ్గించడానికి 1939లో బ్రాంక్స్–వైట్‌స్టోన్ వంతెన వచ్చాయి. రెండూ నిండాయి, పాతవీ ఖాళీ కాలేదు. రాబర్ట్ కారో 1974లో వెలువరించిన మోజెస్ జీవితచరిత్ర ఈ కథను సామాన్య పాఠకుల దాకా తెచ్చింది.

బ్రిటన్‌కు పాఠం నేర్పింది లండన్ చుట్టూ ఉన్న ఎం25. ప్రధాని మార్గరెట్ థాచర్ 1986 అక్టోబరులో దాని చివరి భాగాన్ని తెరిచారు. 117 మైళ్ల ఈ వలయం కొద్దికాలానికే జామ్‌లకు మారుపేరైంది. విడతలవారీగా వెడల్పు చేస్తూ పోగా హీత్రూ విమానాశ్రయం దగ్గర 12 లేన్లయ్యాయి. అయినా అక్కడ జామ్‌లు వార్త కాదు. ప్రధాన రహదారుల అంచనాపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే స్థాయీ సంఘం 1994లో ఇచ్చిన నివేదిక, కొత్త రోడ్లు కొత్త ట్రాఫిక్‌ను పుట్టిస్తాయని అధికారికంగా అంగీకరించింది. అంతవరకు ప్రభుత్వ లెక్కల్లో ట్రాఫిక్ మొత్తం మారదన్న ఊహతోనే ప్రయోజనాలు లెక్కగట్టేవారు. ఈ ఒక్క ఊహ తీసేస్తే చాలా పథకాల ఫలం కుంగిపోయింది.

కాలిఫోర్నియా ఈ దిశలో ఎక్కువ దూరం వెళ్లింది. 2013లో చేసిన చట్టం ప్రకారం ఒక ప్రాజెక్టు పర్యావరణంపై చూపే ప్రభావాన్ని లెక్కించేటప్పుడు ట్రాఫిక్ ఆలస్యం బదులు మొత్తం వాహన దూరం ఎంత పెరుగుతుందో చూడాలి. 2020 నుంచి ఇది పూర్తిగా అమలవుతోంది. కొలబద్ద మారడంతో పథకాల జాతకాలు మారాయి. అంతకుముందు నగరం మధ్యలో కట్టే అపార్ట్‌మెంట్ల వల్ల కూడలిలో రద్దీ పెరుగుతుంది కాబట్టి అది పర్యావరణానికి చెరుపు, ఊరి బయట రోడ్డు వెడల్పు చేయడం మేలు అన్నట్టుగా లెక్క తేలేది. కొలరాడో 2021లో కాలుష్య నియమం పెట్టుకుని, డెన్వర్ నడుమ ఇంటర్‌స్టేట్ 25 విస్తరణను పక్కన పెట్టింది.

విస్తరణ వైపు వాదన

ఒక శాతానికి ఒక శాతం అన్న సూత్రం అన్ని చోట్లా అక్షరాలా నిజం కాదు. కాలిఫోర్నియా నగరాలపై మార్క్ హాన్సెన్, యువాన్లిన్ హ్వాంగ్ 1997లో చేసిన అధ్యయనంలో కొన్నేళ్లలో 0.9 వరకు వచ్చింది. అదే రాష్ట్రంలోని ఫ్రీవే పథకాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన రాబర్ట్ సెర్వెరోకు 2003లో అంతకంటే బాగా తక్కువ వచ్చింది. కొలిచే పరిధి, కాలవ్యవధి, పద్ధతి మారితే అంకె మారుతుంది. సున్నా మాత్రం రాదు.

జనాభా నెమ్మదిగా పెరిగే నగరాల్లో రోడ్లు అంత త్వరగా నిండవు. తలసరి ఫ్రీవే పొడవులో అమెరికాలో ముందు వరసలో ఉండే కాన్సస్ సిటీలో రద్దీ ఆ పరిమాణపు నగరాలతో పోలిస్తే తక్కువే. ప్రేరిత గిరాకీ వాదం ఎక్కడ ఆగుతుందో ఈ ఊరు చూపిస్తుంది: రావడానికి జనమే లేనప్పుడు రోడ్డు ఎవరిని పిలుస్తుంది? అలాగే ఊరితో పనిలేని లారీలను ఊరి బయటి నుంచే పంపించే బైపాస్ ప్రయోజనం చాలాకాలం నిలుస్తుంది, దాని పక్కన కాలనీలు లేవనంతవరకు.

అన్నిటికంటే బలమైన వాదన ఇది. నిండిన రోడ్డు అంటే వాడుకలో ఉన్న రోడ్డు. విస్తరణ తర్వాత కేటీ ఫ్రీవే మునుపటి కంటే ఎక్కువ మందిని ఎక్కువ ఉద్యోగాలకు, ఇళ్లకు చేరుస్తోంది. సందుల్లో తిరిగే ట్రాఫిక్ పెద్ద రోడ్డెక్కడం కాలనీల వారికి మేలు. ఆసుపత్రికి వార్డులు పెంచితే రోగులు పెరిగారని ఎవరూ తప్పుపట్టరు కదా అని ఈ పక్షం వారి ప్రశ్న. పోలిక బాగానే ఉంది గానీ ఆసుపత్రిలో ఒక రోగి చేరడం వల్ల పక్క మంచం మీది రోగి జ్వరం పెరగదు. రోడ్డెక్కిన ప్రతి కారూ వెనకున్న కార్లన్నిటినీ కొంచెం ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం ఖరీదు అది చేసినవాడు చెల్లించడు. ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లోనే రెండు రోడ్ల ఉదాహరణతో చెప్పింది ఇదే.

నేల లెక్క

ఖర్చును డాలర్లలోనే చూస్తే కథ సగమే తెలుస్తుంది. హ్యూస్టన్ ఎటు చూసినా చదునైన మైదానం. భూవినియోగాన్ని నిర్దేశించే జోనింగ్ చట్టం లేని అతిపెద్ద అమెరికన్ నగరం. ఊరి చుట్టూ 610 లూప్, దాని బయట బెల్ట్‌వే 8, దానికీ బయట గ్రాండ్ పార్క్‌వే: ఒక్కో వలయం తెరిచినప్పుడల్లా దాని అవతలి గడ్డిమైదానాలు ప్లాట్లయ్యాయి. కేటీ ఫ్రీవేకు ఉత్తరాన ఆడిక్స్, దక్షిణాన బార్కర్ అని 1940లలో కట్టిన రెండు వరద నియంత్రణ జలాశయాలున్నాయి. మామూలు రోజుల్లో వాటిలో నీళ్లుండవు. నీరు నిలవాల్సిన వాటి అంచుల్లోకి కూడా కాలనీలు జొరబడ్డాయి. 2017 ఆగస్టులో హార్వే తుపాను వానలకు ఆ జలాశయాలు నిండి వేల ఇళ్లు మునిగాయి. దీనికి రోడ్డు ఒక్కటే కారణమనడం అన్యాయం. ఆ నేలను ఇళ్ల స్థలాలుగా మార్చిన కారణాల్లో అది ఒకటనడంలో తప్పులేదు.

నగరం లోపల విస్తరించాలంటే కూల్చివేతలు తప్పవు. హ్యూస్టన్‌లో ఇంటర్‌స్టేట్ 45 పునర్నిర్మాణానికి వెయ్యికి పైగా ఇళ్లు, మూడు వందలకు పైగా వ్యాపారాలు తొలగించాల్సి వస్తుందని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. దెబ్బతినేవారిలో నల్లవారు, లాటినోలు ఎక్కువన్న ఫిర్యాదులపై 2021 మార్చిలో కేంద్ర రహదారుల సంస్థ పని ఆపించింది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ ప్రభుత్వం కోర్టుకు కూడా వెళ్లింది. తర్వాత రాజీ కుదిరి పథకం ముందుకు సాగింది.

ఇంత చర్చ జరిగినా టెక్సస్ రోడ్లే ఎందుకు వేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇంజనీరింగ్‌లో కంటే రాజ్యాంగంలో దొరుకుతుంది. 1946 నాటి సవరణ ప్రకారం ఆ రాష్ట్ర పెట్రోలు పన్నులో నాలుగో వంతు బడులకు, మిగతాదంతా రోడ్లకే పోవాలి. 2015లో ఓటర్లు ఆమోదించిన మరో సవరణ అమ్మకపు పన్ను నుంచి ఏటా 250 కోట్ల డాలర్ల వరకు టోల్ లేని రోడ్లకు కేటాయించింది. డబ్బు ముందే రోడ్డు పేరిట రాసిపెట్టి ఉన్నప్పుడు పరిష్కారం కూడా రోడ్డు రూపంలోనే వస్తుంది.

రోడ్లు తీసేసిన చోట

రోడ్డు వేస్తే ట్రాఫిక్ వస్తుందంటే, తీసేస్తే పోవాలి. కొన్నిచోట్ల అలాగే జరిగింది. 1989 భూకంపంలో దెబ్బతిన్న శాన్‌ఫ్రాన్సిస్కో ఎంబార్కడెరో ఫ్రీవేను 1991లో కూల్చారు. అంతా స్తంభిస్తుందన్న భయం నిజం కాలేదు. సియోల్‌లో 2003లో చొంగ్యేచొన్ మీది ఎత్తైన రహదారిని పడగొట్టి, కింద కప్పబడిపోయిన వాగును 2005లో తిరిగి తెరిచారు. ఆ మధ్యలోనే, 2004లో, నగర బస్సు వ్యవస్థను సమూలంగా మార్చారన్నది మరచిపోకూడదు. రోడ్డు స్థలం తగ్గించిన 70 సందర్భాలను పరిశీలించిన బ్రిటిష్ పరిశోధకులు, సగం చోట్ల 11 శాతానికి మించి ట్రాఫిక్ మాయమైందని 2002లో రాశారు. అది పక్క రోడ్ల మీద కూడా తేలలేదు.

రుసుము

రోడ్డు నిండడానికి మూలం అది ఉచితం కావడమేనని, రద్దీ వేళ ధర పెట్టాలని కొలంబియా విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త విలియం విక్రీ 1950ల నుంచీ చెబుతూ వచ్చారు. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు, మూడు రోజులకే ఆయన కన్నుమూశారు. సింగపూర్ 1975లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టింది. లండన్ 2003లో అనుసరించింది. స్టాక్‌హోమ్ 2006లో ఏడు నెలలు ప్రయోగంగా నడిపి, ఓటింగు పెట్టి, 2007లో శాశ్వతం చేసింది. అక్కడ సరిహద్దు దాటే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది, ఆ తగ్గుదల నిలిచింది కూడా. ఖాళీ అయిన చోటును ఉచితంగా నింపే వీలు లేకపోవడమే అందుకు కారణం. న్యూయార్క్ మన్‌హాటన్‌లో 60వ వీధికి దక్షిణాన 2025 జనవరి 5 నుంచి కార్లకు 9 డాలర్ల రుసుము మొదలైంది. అంతకు ఏడు నెలల ముందు గవర్నరే దాన్ని ఆపి, తర్వాత తగ్గించిన ధరతో తిరిగి తెచ్చారు. రాజకీయంగా ఇది ఎంత వేడి వస్తువో అక్కడే తెలిసింది.

విశేషమేమంటే కేటీ ఫ్రీవేలో కూడా ఈ మందు కొంత ఉంది. మధ్యలోని 12 మైళ్ల టోల్ లేన్లలో వేళను బట్టి ధర మారుతుంది. శివార్ల నుంచి వచ్చే పార్క్ అండ్ రైడ్ బస్సులూ వాటిలోనే నడుస్తాయి. పక్క లేన్లు నిలిచిపోయినప్పుడు కూడా ఇవి సాగుతుంటాయి. డబ్బున్నవాడికి వేగం, లేనివాడికి జామ్ అన్న విమర్శ వీటిపై ఉంది. అందులో నిజముంది గానీ, బస్సు ఆ లేన్లో వెళ్లినంతకాలం అది పూర్తి నిజం కాదు.

హైదరాబాదులో

అమెరికా అంకెలను మన నగరాలకు నేరుగా అతికించకూడదు. ఇక్కడ నడిచేవారు, బస్సెక్కేవారు, ద్విచక్ర వాహనాల వారు ఎక్కువ. కారు ఇంకా అందరి చేతికీ రాలేదు. కాబట్టి రోడ్డు వేసినా వేయకపోయినా వాహనాలు పెరుగుతూనే ఉంటాయి, ఎంత భాగం రోడ్డు వల్ల అన్నది తేల్చడం ఇంకా కష్టం. కానీ నేల విషయంలో హ్యూస్టన్‌కూ మనకూ పోలిక స్పష్టం. 158 కిలోమీటర్ల ఎనిమిది లేన్ల ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి – శంషాబాద్ భాగం 2008 నవంబరులో తెరుచుకుంది. కండ్లకోయ దగ్గరి చివరి ముక్క 2018లో పూర్తయింది. దూరప్రాంతాల లారీలకు ఊళ్లోకి రావాల్సిన పని తప్పించి ఔటర్ నిజంగానే మేలు చేసింది. అదే సమయంలో పడమటి వైపు దాని ఎగ్జిట్ల చుట్టూ కొత్త నగరమే లేచింది. కోకాపేటలో ఔటర్ పక్కనున్న ప్రభుత్వ భూమి 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. అంత ధర పెట్టి కొన్న నేల మీద ఆకాశహర్మ్యాలే లేస్తాయి, వాటి పార్కింగు అంతస్తుల్లోని కార్లన్నీ పొద్దున్నే అవే ఎగ్జిట్ల వైపు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు దిగుతాయి.

నగరం లోపల మెహదీపట్నం – ఆరాంఘర్ మధ్య 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వచ్చింది. గత దశాబ్దంలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వరసగా కట్టారు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. ఒక్కో కట్టడం తన కూడలి వరకు ఊరట ఇచ్చింది. 2017లో మొదలై 69 కిలోమీటర్లకు చేరిన మెట్రో రోడ్డు మీద ఆధారపడకుండా వెళ్లే దారిని జనానికిచ్చింది, అయితే ఔటర్ పక్కన పెరిగిన పడమటి కొత్త కాలనీల దాకా అది వెళ్లదు. ఇప్పుడు ఔటర్‌కు బయట మూడు వందల కిలోమీటర్లు దాటే ప్రాంతీయ వలయ రహదారి ప్రణాళికలో ఉంది. దాని ఎగ్జిట్ల దగ్గర ఏం కట్టనివ్వాలి, ఏం కట్టనివ్వకూడదు అన్న నిర్ణయం రోడ్డు డిజైన్ కంటే ముందు జరగాల్సినది. ఔటర్ విషయంలో అది వెనకబడింది.

ఔటర్ మీద టోల్ ప్రయాణించిన దూరాన్ని బట్టి వసూలవుతుంది, వేళను బట్టి కాదు. ఉదయం తొమ్మిదింటికి గచ్చిబౌలిలో దిగే కారుకీ, అర్ధరాత్రి అదే దూరం వెళ్లే కారుకీ ఒకటే ధర. ఆ వసూలు హక్కును 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ప్రైవేటు సంస్థకు అప్పగించారు.